కిడ్నీ మార్పిడి తర్వాత క్షయ – ఎవరికి ప్రమాదం? ఏం జాగ్రత్త పడాలి?

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మాట వినని ఇల్లు దాదాపు ఉండదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య ఉన్న ఊళ్లలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎంతోమందిని డయాలసిస్ మంచం దాకా తీసుకెళ్లింది. దీనికి కారణం ఫలానా అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయంటే ఈ సమస్య ఎంత పెద్దదో అర్థమవుతుంది.

డయాలసిస్ మీద ఉన్నవారిలో కొద్దిమందికి కిడ్నీ మార్పిడి అవకాశం దొరుకుతుంది. కొందరికి తల్లి ఇస్తుంది, కొందరికి భార్య ఇస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన జీవన్‌దాన్ పథకం ద్వారా, మెదడు మరణం సంభవించినవారి కుటుంబం చేసిన దానం వల్ల మరికొందరికి లభిస్తుంది. ఆపరేషన్ బాగా జరిగి, క్రియాటినిన్ దిగి, మనిషి మళ్లీ తిని తిరుగుతుంటే ఇంటిల్లిపాదికీ అది పునర్జన్మలా ఉంటుంది. ఇంత కష్టపడి సంపాదించుకున్న కిడ్నీకి మన దేశంలో ఒక పాత శత్రువు పొంచి ఉంది. అదే క్షయ, అంటే టీబీ.

క్షయకు మందు ఉంది, అది నయమవుతుంది. కాని కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి క్షయ వస్తే రెండు రకాల ప్రమాదం ఉంటుంది. ఒకటి జబ్బు వల్ల, రెండోది మందుల వల్ల. క్షయకు వాడే ముఖ్యమైన మందు ఒకటి కిడ్నీని కాపాడే మందుల బలాన్ని తగ్గించేస్తుంది. ఈ సంగతి తెలియక క్షయ నయం చేసుకునే ప్రయత్నంలో కిడ్నీని పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఈ రెండు ప్రమాదాల గురించీ రోగులు, వారి కుటుంబసభ్యులు, గ్రామాల్లో వారికి మొదటగా మందు ఇచ్చేవారు తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మైకోబాక్టీరియా అంటే ఏమిటి?

మైకోబాక్టీరియా ఒక సూక్ష్మక్రిముల కుటుంబం. క్షయ క్రిమి, కుష్ఠు క్రిమి రెండూ ఈ కుటుంబానికి చెందినవే. కుష్ఠు క్రిమిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్, క్షయ క్రిమిని 1882లో జర్మనీ వైద్యుడు రాబర్ట్ కాక్ కనుగొన్నారు. ఇవి కాక నీటిలోనూ మట్టిలోనూ బతికే మైకోబాక్టీరియా రకాలు ఇంకా చాలా ఉన్నాయి.

ఈ క్రిములకు రెండు ప్రత్యేక గుణాలున్నాయి. మొదటిది, వాటి చుట్టూ మైనం లాంటి మందపాటి పొర ఉంటుంది. అందుకే మామూలు యాంటీబయాటిక్‌లు వీటి మీద అంతగా పనిచేయవు. రెండోది, ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. విరేచనాలు కలిగించే కొన్ని క్రిములు ఇరవై నిమిషాలకు ఒకసారి రెండింతలైతే, క్షయ క్రిమికి అందుకు దాదాపు ఒక రోజు పడుతుంది. కాబట్టి జబ్బు మెల్లగా వస్తుంది, మందులు నెలల తరబడి వాడవలసి వస్తుంది.

మిషన్ ఆసుపత్రులకు ఈ క్రిములతో చాలా కాలంగా పరిచయం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషన్లు కలిసి 1910లలో నెలకొల్పిన క్షయ శానిటోరియం దక్షిణ భారతంలో పేరుపొందింది. మన ప్రాంతంలో సాలూరులోని లెప్రసీ మిషన్ వారి ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఎన్నో ఏళ్లుగా కుష్ఠు రోగులకు సేవ చేస్తోంది. ఆ రోజుల్లో కిడ్నీ మార్పిడి అన్న మాటే లేదు. ఇప్పుడు అదే క్రిమి కొత్త రోగుల దగ్గరకు కొత్త దారిలో వస్తోంది.

శరీరంలో నిద్రపోయే క్రిమి

క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది. ఊపిరితిత్తుల క్షయ ఉన్న మనిషి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలిలోకి వచ్చిన క్రిములను పక్కవారు పీలుస్తారు. పీల్చిన ప్రతివారికీ జబ్బు రాదు. చాలామందిలో శరీరపు రక్షక కణాలు ఆ క్రిములను చుట్టుముట్టి, చిన్న గడ్డలా కట్టి బంధిస్తాయి. క్రిమి చావదు, అలాగని పెరగదు. ఏళ్ల తరబడి నిద్రలో ఉంటుంది. ఆ మనిషికి దగ్గు, జ్వరం ఏవీ ఉండవు, అతని నుంచి ఇంకొకరికి అంటదు కూడా. దీన్ని నిద్రాణ క్షయ అంటారు.

ఇది ఎంతమందిలో ఉంది? 2019–21 మధ్య మన దేశంలో జరిగిన జాతీయ క్షయ సర్వేలో 15 ఏళ్లు దాటినవారిలో సుమారు 31 శాతం మందికి క్షయ క్రిమి సోకినట్లు తేలింది. అంటే మనలో ప్రతి ముగ్గురు పెద్దవాళ్లలో దాదాపు ఒకరి ఒంట్లో ఆ క్రిమి ఉన్నట్లే. వీరిలో ఎక్కువమంది జీవితాంతం ఆరోగ్యంగానే ఉంటారు, ఎందుకంటే కాపలా గట్టిగా ఉంది.

ఆ కాపలా కాసేవి ముఖ్యంగా రక్తంలోని టి–కణాలు. కిడ్నీ మార్పిడి జరిగినప్పుడు కొత్త కిడ్నీని 'ఇది మనది కాదు' అని గుర్తించి దాడి చేసేవి కూడా ఈ టి–కణాలే. ఆ దాడిని ఆపడానికి టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, మైకోఫినొలేట్, అజతయోప్రిన్, ప్రెడ్నిసొలోన్ వంటి మందులు ఇస్తారు. ఇవి టి–కణాలను అణచి ఉంచుతాయి. అందువల్ల కిడ్నీ నిలుస్తుంది. కాని క్షయ క్రిమి మీద ఉన్న కాపలా కూడా అదే సమయంలో సడలుతుంది. నిద్రలో ఉన్న క్రిమి లేస్తుంది.

ఈ మందులు చెడ్డవి కావు. అవి లేకపోతే కిడ్నీ నిలవదు. వాటితో పాటు వచ్చే ప్రమాదాన్ని తెలుసుకుని మెలకువగా ఉండాలి, అంతే.

వెల్లూరు అనుభవం

మన దేశంలో మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో జరిగింది. ఆంధ్ర నుంచి ఎంతోమంది రోగులు రైలెక్కి వెళ్లే ఆసుపత్రి అది. 1986 నుంచి 1999 వరకు తమ దగ్గర కిడ్నీ మార్పిడి జరిగిన 1251 మందిని అక్కడి వైద్యులు గమనించి, ఆ ఫలితాలను 2001లో ప్రచురించారు. వారిలో 166 మందికి, అంటే 13 శాతానికి పైగా, మార్పిడి తర్వాత క్షయ వచ్చింది. ప్రతి ఎనిమిది మందిలో దాదాపు ఒకరికి అన్నమాట. క్షయ తక్కువగా ఉన్న పాశ్చాత్య దేశాల్లో మార్పిడి రోగుల్లో ఇది నూటికి ఒకటి అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది.

ఆ పరిశీలనలో ఇంకో రెండు విషయాలు బయటపడ్డాయి. మధుమేహం, దీర్ఘకాలిక కాలేయ వ్యాధి ఉన్నవారికీ, మార్పిడి తర్వాత ఇతర తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు సోకినవారికీ క్షయ ఎక్కువగా వచ్చింది. సైక్లోస్పోరిన్ వాడినవారిలో, పాత పద్ధతి మందులు వాడినవారి కంటే ముందుగానే క్షయ కనిపించింది. అంటే కొత్త కిడ్నీ వచ్చిన మొదటి ఏడాది, రెండో ఏడాది ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన కాలం. అలాగని ఆ తర్వాత ప్రమాదం పోయిందనుకోరాదు. పదేళ్ల తర్వాత కూడా క్షయ వచ్చినవారు ఉన్నారు.

ఎవరికి ప్రమాదం ఎక్కువ?

మార్పిడి చేయించుకున్న ప్రతివారికీ కొంత ప్రమాదం ఉంటుంది. కింది వాటిలో ఒకటి గాని, అంతకు మించి గాని ఉన్నవారికి అది మరింత ఎక్కువ.

1. గతంలో క్షయ వచ్చినవారు, లేదా ఛాతీ ఎక్స్‌రేలో పాత క్షయ మచ్చ ఉన్నవారు. చిన్నప్పుడు వచ్చిన జబ్బును కూడా డాక్టరుకు చెప్పాలి. 'ఎప్పుడో తగ్గిపోయింది కదా' అని దాచకూడదు.

2. ఇంట్లో గాని, పనిచేసే చోట గాని క్షయ రోగితో కలిసి ఉన్నవారు. మన జిల్లాల నుంచి చేపల వేటకు గుజరాత్ హార్బర్లకు, కూలి పనులకు హైదరాబాద్‌కు, చెన్నైకి వలస వెళ్లేవారు చాలామంది. అక్కడ ఒకే గదిలో పదిమంది పడుకుంటారు. ఆ గదిలో ఒకరికి క్షయ ఉంటే మిగతావారికి సోకడం తేలిక. ఇంటికి తిరిగి వచ్చినవారు వారాల తరబడి దగ్గుతుంటే వెంటనే పరీక్ష చేయించాలి.

3. చాలాకాలం డయాలసిస్ మీద ఉన్నవారు. కిడ్నీలు పాడైతే రక్తంలో చేరే మలినాల వల్ల వ్యాధి నిరోధక శక్తి అప్పటికే తగ్గిపోతుంది. అంటే క్షయ ప్రమాదం మార్పిడితో కాదు, డయాలసిస్‌తోనే మొదలవుతుంది. ఉద్దానంలో డయాలసిస్ మీద ఉన్న ప్రతివారూ ఈ మాట గుర్తుంచుకోవాలి.

4. మధుమేహం ఉన్నవారు. కొందరికి మార్పిడి తర్వాత ప్రెడ్నిసొలోన్, టాక్రోలిమస్ వల్ల కొత్తగా చక్కెర వ్యాధి వస్తుంది. వారు కూడా ఈ జాబితాలోకే వస్తారు.

5. హెపటైటిస్–బి, హెపటైటిస్–సి వంటి కాలేయ వ్యాధులు ఉన్నవారు. వీరికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. క్షయ మందుల్లో మూడు కాలేయం మీద భారం వేస్తాయి.

6. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించినప్పుడు, అంటే రిజెక్షన్ వచ్చినప్పుడు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు గాని, టి–కణాలను నాశనం చేసే ఇంజెక్షన్లు గాని తీసుకున్నవారు. ఆ చికిత్స తర్వాతి నెలల్లో అప్రమత్తంగా ఉండాలి.

7. సైటోమెగాలో వైరస్, లోతైన ఫంగస్ వంటి ఇన్‌ఫెక్షన్లు సోకినవారు. నిరోధక శక్తి బాగా తగ్గిందనడానికి ఇవి గుర్తు.

8. బరువు తక్కువ ఉన్నవారు, సరైన ఆహారం లేనివారు, సారా తాగేవారు, పొగ తాగేవారు. మన ప్రాంతంలో నిప్పు నోటిలోపలికి పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట అలవాటు ఆడవారిలో కూడా ఉంది. దానివల్ల నోటి క్యాన్సర్ భయం ఎలాగూ ఉంది. పొగాకు ఏ రూపంలో కాల్చినా క్షయకు అవకాశం పెరుగుతుంది.

కిడ్నీ దాత సంగతి కూడా మరవకూడదు. దాత శరీరంలో క్షయ ఉంటే అది కిడ్నీతో పాటు రావచ్చు. ఇది అరుదు. మన దగ్గర దాతలు ఎక్కువగా ఇంటివారే. ఒకే కప్పు కింద ఉన్నవారు కాబట్టి రోగికి సోకిన చోటే దాతకు కూడా సోకి ఉండవచ్చు. అందుకే దాతను కూడా క్షయ కోసం పరీక్షిస్తారు. చురుకైన క్షయ ఉంటే చికిత్స పూర్తయ్యేవరకు దానం చేయనివ్వరు.

లక్షణాలు ముసుగు వేసుకుని వస్తాయి

క్షయ అనగానే మనకు గుర్తొచ్చేది రెండు వారాలకు మించిన దగ్గు, కళ్లెలో రక్తం. మార్పిడి రోగుల్లో ఇవి లేకుండానే క్షయ ఉండవచ్చు. క్షయలో మనకు కనిపించే జ్వరం, దగ్గు చాలావరకు శరీరం క్రిమితో చేసే పోరాటం వల్ల వచ్చేవే. ఆ పోరాడే శక్తిని మందులు అణచివేసినప్పుడు పోరాటం బయటికి కనిపించదు, క్రిమి మాత్రం పెరుగుతూ ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ జ్వరాన్ని కూడా తగ్గించి చూపుతుంది.

కొందరిలో సాయంత్రం పూట కొద్దిపాటి వెచ్చదనం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం మాత్రమే ఉంటాయి. పైగా వీరిలో క్షయ ఊపిరితిత్తులకే పరిమితం కాకుండా శరీరమంతా పాకే అవకాశం మామూలు వారిలో కంటే ఎక్కువ. మెడలో, చంకలో గడ్డలు, కడుపు ఉబ్బరం, తగ్గని వెన్నునొప్పి, కీలు వాపు, రోజుల తరబడి తలనొప్పి – వీటిలో దేని వెనకనైనా క్షయ ఉండవచ్చు.

కాబట్టి మార్పిడి చేయించుకున్నవారికి వారం రోజులకు పైగా జ్వరం ఉంటే, అది ఎంత తక్కువ జ్వరమైనా, పారాసిటమాల్‌తో సరిపెట్టుకోకూడదు. వారానికి ఒకసారి బరువు చూసుకుని పుస్తకంలో రాసుకోవడం మంచి అలవాటు. కారణం లేకుండా బరువు తగ్గుతూ వస్తే డాక్టరుకు చూపించాలి. ఎక్కువ జ్వరం, ఆయాసం, మగత ఉంటే వారం కూడా ఆగరాదు, ఆ రోజే వెళ్లాలి.

ఏ పరీక్షలు చేస్తారు?

ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష మొదటివి. ముందు చెప్పిన జాతీయ సర్వేలోనే, ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే దాదాపు 43 శాతం క్షయ కేసులు తప్పిపోయేవని తేలింది. లక్షణాలు తక్కువగా ఉండే మార్పిడి రోగులకు ఈ పాఠం మరీ ముఖ్యం.

కళ్లెలో క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు ప్రభుత్వ క్షయ కార్యక్రమంలో ఉచితంగా చేస్తారు. క్రిమి రిఫాంపిసిన్ అనే మందుకు లొంగుతుందో లేదో కూడా ఇవి చెబుతాయి. కళ్లె రాకపోతే, లేదా కళ్లెలో ఏమీ కనబడకపోతే సీటీ స్కాన్, ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేసి చూసే బ్రాంకోస్కోపీ, గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ అవసరం కావచ్చు. 'కళ్లె పరీక్షలో లేదన్నారు, కాబట్టి క్షయ లేదు' అనుకుని ఇంటికి వెళ్లిపోవద్దు.

చర్మంలోకి మందు ఎక్కించి చూసే మాంటూ పరీక్ష, ఇగ్రా అనే రక్త పరీక్ష నిద్రాణ క్షయను కనిపెట్టడానికి. డయాలసిస్ రోగుల్లో, మార్పిడి రోగుల్లో నిరోధక శక్తి తక్కువ కాబట్టి, క్రిమి ఉన్నా ఇవి 'లేదు' అని చూపవచ్చు. అందుకే వీటి ఫలితాన్ని మిగతా వివరాలతో కలిపి డాక్టరు అర్థం చేసుకుంటారు.

రెండు మందుల మధ్య తగవు

ఇది ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. దయచేసి నిదానంగా చదవండి, ఇంట్లో చదువురాని వారుంటే చదివి వినిపించండి.

క్షయ చికిత్సలో అతి బలమైన మందు రిఫాంపిసిన్. ప్రభుత్వ కేంద్రాల్లో ఇచ్చే కలిపిన బిళ్లలో ఐసోనియాజిడ్, పైరజినమైడ్, ఇథాంబుటాల్‌తో పాటు ఇది కూడా ఉంటుంది. రిఫాంపిసిన్‌కు ఒక స్వభావం ఉంది. అది కాలేయాన్ని ప్రేరేపించి, ఇతర మందులను చాలా వేగంగా విరిచి బయటికి పంపేలా చేస్తుంది. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ ఆ విధంగా విరిగిపోయే మందులే. ప్రెడ్నిసొలోన్ బలం కూడా తగ్గుతుంది. రోగి పొద్దున, రాత్రి మాత్రలు వేళ తప్పకుండా మింగుతూనే ఉంటాడు. కాని రక్తంలో మందు సరిపడా ఉండదు. టి–కణాలు మళ్లీ లేచి కిడ్నీ మీద దాడి చేస్తాయి. కొన్ని వారాల్లో క్రియాటినిన్ పెరగడం మొదలవుతుంది.

ఉదాహరణకు ఇలా అనుకుందాం. మార్పిడి జరిగి ఏడాదైన ఒక రోగికి మెడలో గడ్డ కట్టింది. మార్పిడి చేసిన ఆసుపత్రి విశాఖపట్నంలోనో, హైదరాబాద్‌లోనో ఉంది. వెళ్లి రావాలంటే ఖర్చు, తోడు మనిషి, కూలి పోవడం. దగ్గర్లో చూపిస్తే క్షయ అని సరిగ్గానే తేల్చి, సరైన బిళ్లలే ఇచ్చారు. కిడ్నీ మార్పిడి సంగతి రోగి చెప్పలేదు, ఎవరూ అడగలేదు. రెండు నెలల్లో గడ్డ కరిగిపోయింది, ఆకలి పుట్టింది. కాని కాళ్ల వాపు మొదలైంది, మూత్రం తగ్గింది. అప్పటికి కిడ్నీకి జరగవలసిన నష్టం జరిగిపోయింది. ఇక్కడ ఏ మందూ తప్పు కాదు. రెండు చీటీలూ ఒకే డాక్టరు కంటపడకపోవడమే తప్పు.

ఇంకో వైపు ప్రమాదం కూడా ఉంది. 'క్షయ మందు కిడ్నీకి పడదట' అని ఎవరో చెప్పగా విని, బిళ్లలు మధ్యలో మానేసేవారు ఉంటారు. అప్పుడు క్షయ ముదురుతుంది, మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం కూడా ఉంది. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి అన్నట్లు కనిపిస్తుంది. కాని దారి ఉంది.

మార్పిడి వైద్యులు రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకుంటారు. మొదటిది, రిఫాంపిసిన్ ఇస్తూనే టాక్రోలిమస్ మోతాదును అవసరమైతే మూడు నుంచి ఐదు రెట్ల వరకు పెంచి, రక్తంలో మందు స్థాయిని తరచుగా చూడడం. రెండోది, రిఫాంపిసిన్ లేకుండా లివోఫ్లాక్సాసిన్ వంటి మందులతో గాని, ఈ గుణం తక్కువగా ఉండే రిఫాబుటిన్‌తో గాని చికిత్స చేయడం. రిఫాంపిసిన్ వర్గం మందు లేకపోతే చికిత్స ఏడాది, ఒక్కోసారి అంతకు మించి సాగుతుంది. ఏ పద్ధతి ఎవరికి అన్నది జబ్బు తీవ్రతను బట్టి, కిడ్నీ పరిస్థితిని బట్టి, రక్తపరీక్ష వసతిని బట్టి నిర్ణయిస్తారు.

రిఫాంపిసిన్ ఆపే రోజు కూడా జాగ్రత్త అవసరం. అది ఆగాక సుమారు రెండు వారాల్లో కాలేయం పాత స్థితికి వస్తుంది. అప్పటివరకు పెంచి ఇస్తున్న టాక్రోలిమస్‌ను తగ్గించకపోతే ఈసారి మందు ఎక్కువై కిడ్నీకి హాని చేస్తుంది. కాబట్టి క్షయ మందు మొదలుపెట్టే రోజు, మార్చే రోజు, ఆపే రోజు – ఈ మూడూ మార్పిడి వైద్యునికి తెలియాలి. మిగతా క్షయ మందుల్లో స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ కిడ్నీకి హాని చేసేది. ఇథాంబుటాల్ మోతాదును కిడ్నీ పనితీరును బట్టి సరిచేయాలి, అది వాడినంత కాలం చూపు తగ్గుతోందేమో గమనించాలి.

ఒక చిన్న గుర్తు చెబుతాం. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ–ఎరుపు రంగులో వస్తుంది. కొత్తగా ఇచ్చిన మాత్రల తర్వాత అలా వస్తే భయపడనక్కరలేదు. కాని మీ మార్పిడి ఆసుపత్రికి ఆ రోజే ఫోన్ చేయండి.

ఆపరేషన్‌కు ముందే అడగవలసినది

డయాలసిస్ మీద ఉండి మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవారు అప్పుడే క్షయ కోసం పరీక్ష చేయించుకోవడం మంచిది. చురుకైన క్షయ ఉంటే ముందు దానికి చికిత్స చేస్తారు. నిద్రాణ క్షయ ఉంటే నివారణ మందు ఇవ్వవచ్చు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో డయాలసిస్ రోగులు, అవయవ మార్పిడికి సిద్ధమవుతున్నవారు క్షయ నివారణ చికిత్సకు పరిశీలించవలసిన వర్గాల్లో ఉన్నారు.

ఐసోనియాజిడ్ రోజుకు ఒకటి చొప్పున కొన్ని నెలలు వాడడం ఒక పద్ధతి. ఈ మందు వల్ల కాళ్లు, చేతులు తిమ్మిరెక్కకుండా పైరిడాక్సిన్ అనే బి6 విటమిన్ కూడా ఇస్తారు. కామెర్ల లక్షణాలు కనిపిస్తే, అంటే కళ్లు పచ్చబడితే, వాంతులైతే, వెంటనే డాక్టరును కలవాలి. నివారణ మందు మొదలుపెట్టే ముందు చురుకైన క్షయ లేదని తేల్చుకోవడం తప్పనిసరి. ఉన్న జబ్బుకు ఒక్క మందే ఇస్తే క్రిమి ఆ మందుకు అలవాటుపడిపోతుంది.

బీసీజీ టీకా గురించి కొందరు అడుగుతుంటారు. అది బతికున్న క్రిమితో చేసిన టీకా. మార్పిడి చేయించుకున్నవారు దాన్ని వేయించుకోకూడదు. ఇంట్లో పుట్టిన బిడ్డకు మాత్రం మామూలుగానే వేయించవచ్చు.

క్షయ కాని మైకోబాక్టీరియా

నీటిలో, మట్టిలో ఉండే మైకోబాక్టీరియా మామూలు వారికి సాధారణంగా హాని చేయవు. నిరోధక శక్తి తగ్గినవారిలో చర్మం మీద నొప్పిలేని గడ్డలు, మానని పుండ్లు, ఇంజెక్షన్ వేసిన చోట చీము, ఊపిరితిత్తుల జబ్బు కలిగిస్తాయి. డయాలసిస్ గొట్టం బయటికి వచ్చే చోట కూడా ఇవి చేరవచ్చు. ఇవి సాధారణంగా మనిషి నుంచి మనిషికి అంటవు. చికిత్స మాత్రం దీర్ఘకాలం. దీనికి వాడే క్లారిత్రోమైసిన్ రిఫాంపిసిన్‌కు సరిగ్గా వ్యతిరేకం. అది టాక్రోలిమస్ స్థాయిని పెంచుతుంది. అందువల్ల ఇక్కడ కూడా మార్పిడి వైద్యుని సలహా లేకుండా మందు వేసుకోరాదు.

కాబట్టి శుభ్రత లేని సూదులతో ఇంజెక్షన్లు చేయించుకోవద్దు. పొలంలో, చెరువులో పని ఉంటే చెప్పులు, చేతి తొడుగులు వాడాలి. చిన్న గాయమైనా సబ్బుతో కడిగి కట్టు కట్టాలి. మార్పిడి రోగుల్లో కుష్ఠు చాలా అరుదు. అయినా స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే చూపించుకోండి, దానికీ మంచి మందు ఉంది.

ఇంట్లో, ఊరిలో, మందిరంలో

క్షయ గాలి ద్వారా వస్తుంది గాని కంచం, గ్లాసు, దుప్పటి ద్వారా రాదు. కాబట్టి రోగి పళ్లెం వేరుగా పెట్టి బాధపెట్టనక్కరలేదు. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. దగ్గుతున్నవారు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. మార్పిడి చేయించుకున్నవారు కిక్కిరిసిన బస్సుల్లో, ఆసుపత్రి వరండాల్లో, సంతల్లో, పెద్ద కూటాల్లో మాస్కు కట్టుకోవడం మంచిది. ఆరాధనలో గాలి వచ్చే కిటికీ పక్కన కూర్చోండి. దీనిలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఉపవాస ప్రార్థనలో ఉన్నవారు కూడా మాత్రలు మానకూడదు. టాక్రోలిమస్‌ను రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. స్వస్థత కోసం ప్రార్థన చేయించుకున్నాక 'ఇక మందు అవసరం లేదు' అని ఎవరైనా అంటే, వారు ప్రేమతోనే అన్నా, ఆ మాట వినవద్దు. ప్రార్థనకూ మాత్రకూ పోటీ లేదు. వైద్యం కూడా దేవుడు మనకిచ్చిన వరమే.

ఆహారం విషయంలో, క్షయ రోగులకు నిక్షయ్ పోషణ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. ప్రైవేటులో చికిత్స పొందుతున్నా పేరు నమోదైతే ఇది వర్తిస్తుంది. వివరాలకు ఉచిత ఫోన్ నంబరు 1800–11–6666. గుడ్లు, పప్పు, చేప ఎంతవరకు తినవచ్చో మీ కిడ్నీ పరిస్థితిని బట్టి డాక్టరును అడగండి.

గ్రామాల్లో వైద్యం చేసే సోదరులకు ఒక మనవి. జ్వరంతో వచ్చిన ప్రతివారినీ 'కిడ్నీ ఆపరేషన్ ఏమైనా అయిందా? డయాలసిస్ జరుగుతోందా?' అని ఒక్క మాట అడగండి. అవునంటే నొప్పి మాత్రలు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వకుండా వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపండి. ఆ ఒక్క ప్రశ్న ఒక కిడ్నీని నిలబెట్టగలదు.

గుర్తుంచుకోవలసిన ఆరు మాటలు

1. కిడ్నీ మార్పిడి జరిగిందని ప్రతి డాక్టరుకూ, ప్రతి మందుల షాపువారికీ ముందుగా చెప్పండి.

2. వాడుతున్న మందుల చీటీ, మార్పిడి ఆసుపత్రి ఫోన్ నంబరు ఎప్పుడూ జేబులో ఉంచుకోండి. ఇంట్లో ఇంకొకరికి కూడా ఆ చీటీ ఎక్కడుందో తెలియాలి.

3. వారానికి పైబడిన జ్వరం, కారణం తెలియని బరువు తగ్గుదల, కొత్త గడ్డ – వీటిని ఉపేక్షించవద్దు.

4. మార్పిడి వైద్యునికి తెలియకుండా క్షయ మందు మొదలుపెట్టవద్దు, మార్చవద్దు, ఆపవద్దు. కిడ్నీ మందులు కూడా అంతే.

5. ఇంట్లో ఎవరికైనా క్షయ వస్తే దాచవద్దు. అది నేరం కాదు, అవమానం కాదు.

6. డయాలసిస్ మీద ఉన్నవారు క్షయ పరీక్ష, నివారణ మందు గురించి తమ డాక్టరును ఇప్పుడే అడగాలి.

కిడ్నీ ఇచ్చిన తల్లి, భార్య, ముక్కూ మొహం తెలియని ఆ దాత కుటుంబం – వారు చేసిన త్యాగానికి మనం చెల్లించగల కృతజ్ఞత ఆ కిడ్నీని జాగ్రత్తగా చూసుకోవడమే. ఈ పత్రికను చదివాక పక్కన పడేయకుండా, మీకు తెలిసిన డయాలసిస్ రోగికి గాని, మార్పిడి చేయించుకున్న కుటుంబానికి గాని అందజేయండి. ప్రభువు మీకందరికీ ఆరోగ్యాన్ని అనుగ్రహించును గాక.